పెళ్ళి క్యాసెట్టు మార్పించే ముందు...

ఈ వారం వంటింటి గడప దాటి పడగ్గదిలో బీరువా దగ్గరికి వెళదాం రండి. అట్టడుగు అరలో, పట్టుచీరల కింద, నల్ల డబ్బాలో ఓ వీడియో క్యాసెట్టు ఉండే ఉంటుంది చూడండి. దాని మీద అంటించిన కాగితంపై మీ పేరు, మీవారి పేరు, పెళ్ళి తేదీ. చూద్దామంటే వి.సి.ఆర్. లేదు. పారేద్దామంటే చేతులు రావు. అవునా?

దాన్ని డిస్కులోకి ఎక్కించాలని మీకూ ఎప్పుడో ఒకసారి అనిపించే ఉంటుంది. అలా అనిపించిన రోజున షాపులో ఇచ్చి, "బాగా చేసిపెట్టు బాబూ" అని చెప్పి వచ్చేయకండి. నేను రెండుసార్లు అలాగే వచ్చేశాను. రెండుసార్లూ నష్టపోయాను. డబ్బు నష్టం కాదు, డబ్బైతే మళ్ళీ సంపాదించుకోవచ్చు.

మా పెళ్ళి 1999లో, తెనాలిలో జరిగింది. మూడు గంటల క్యాసెట్టు. తర్వాత మూడేళ్ళకే మా నాన్నగారు పోయారు. ఫోటోలున్నాయి గానీ, ఆయన నడుస్తూ, నవ్వుతూ, "ఏమ్మా, వడ్డన మొదలెట్టారా?" అని కేకేస్తూ కనిపించేది ఆ క్యాసెట్టు ఒక్కదాంట్లోనే. 2004లో వి.సి.ఆర్. పాడైతే, షాపతను "సి.డి.లు చేయించుకోండమ్మా, ఎన్నాళ్ళయినా చెక్కుచెదరవు" అన్నాడు. మూడు వి.సి.డి.లు చేసిచ్చాడు. ఇంటికొచ్చి పెట్టి చూస్తే నాన్నగారి మొహం గళ్ళలుంగీలాగా చదరాలు చదరాలుగా ఉంది! పాత క్యాసెట్టు కదా, అంతేలే అని సరిపెట్టుకున్నాం. క్యాసెట్టుతో ఇంకేం పనిలే అని అటక మీద పడేశాను. ఇల్లు మారినప్పుడు వెతికితే కనిపించలేదు.

రెండో సంగతి మా పెద్దమ్మాయి ఓణీల ఫంక్షను. 2012లో చేశాం. "హై డెఫినిషన్ కెమెరాతో తీస్తున్నామండీ" అని గొప్పగా చెప్పారు. తీరా చేతికిచ్చింది మామూలు డి.వి.డి.లు. మాకు అప్పుడున్నది డబ్బా టీవీ కనుక తేడా తెలియలేదు. తర్వాత పెద్ద టీవీ కొని అందులో పెడితే పిల్ల మొహం మసక మసకగా ఉంది. పరుగెత్తుకెళ్ళి అడిగితే, "అసలువి ఎప్పుడో చెరిపేశామమ్మా, ఎన్నాళ్ళని దాస్తాం?" అన్నారు. ఏం చెయ్యను? నోరుమూసుకుని వచ్చాను.

ఇప్పుడు అసలు కథ. మొన్న వేసవిలో మా అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే, ఆవిడ పాత నేతచీరలో చుట్టి పెట్టిన ఆ పెళ్ళి క్యాసెట్టు దొరికింది! నేను అటక మీద పడేసినదాన్ని మా అమ్మ తీసి దాచింది. "మీ నాన్న ఉన్నారు కదే అందులో" అంది, అంతే. నాకు నోట మాట రాలేదు.

మా ఆడపడుచు కొడుకు హైదరాబాదులో వీడియో ఎడిటింగ్ పని చేస్తున్నాడు. వాడికి ఫోను చేసి, "ఈసారైనా సరిగ్గా చేయించాలిరా, షాపులో ఏమని అడగాలో చెప్పు" అన్నాను. "అత్తయ్యా, ఒక్క మాట గుర్తుపెట్టుకో. పెరుగులో నీళ్ళు పోసి మజ్జిగ చేయొచ్చు. మజ్జిగను మళ్ళీ పెరుగు చేయలేం. వీడియో కూడా అంతే" అన్నాడు. ఆ ఒక్క మాటలోనే నేను చేసిన రెండు తప్పులూ కనిపించాయి.

వాడు చెప్పినవన్నీ నాకర్థమైన భాషలో మీకు చెబుతాను. లెక్కలు చూసి భయపడకండి, కిలోలూ శేర్లూ లెక్కపెట్టే వాళ్ళకి ఇదేమంత కష్టం కాదు.

వీడియో బొమ్మ అంటే చుక్కల ముగ్గు అనుకోండి. ఎన్ని చుక్కలుంటే అంత వివరం. వి.సి.డి.లో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. డి.వి.డి.లో మన దేశపు పద్ధతిలో 720, 576. అంటే నాలుగు రెట్లు పైచిలుకు. హై డెఫినిషన్‌లో 1920, 1080. ఇది డి.వి.డి.కి సరిగ్గా అయిదు రెట్లు. చూశారా, 2004లో నా పెళ్ళిని నాలుగోవంతుకు కుదించారు. 2012లో మా అమ్మాయి ఫంక్షనును అయిదోవంతుకు కుదించారు. కుదించాక అసలుది పోతే ఇక అంతే.

"అయితే క్యాసెట్టును 1920కి పెంచి చేయమందామా?" అని అడిగాను. వద్దన్నాడు. వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో ఉన్న వివరమే తక్కువ. దాన్ని లాగి పెద్దది చేస్తే ఫైలు బరువెక్కుతుంది గానీ కొత్తగా కనిపించేదేమీ ఉండదు. పావుకిలో పిండిని పెద్ద గిన్నెలో వేసినంత మాత్రాన కిలో అవుతుందా? కాబట్టి క్యాసెట్టును 720, 576గానే ఉంచాలి. బ్లూరే డిస్కు ఈ కొలతను కూడా ఒప్పుకుంటుంది. పెద్ద తెరకు సరిపడా పెంచే పని ప్లేయరో టీవీయో చూసుకుంటుంది. "మీ పాత క్యాసెట్టును హెచ్.డి. చేసిస్తాం" అంటూ ఎక్కువ డబ్బు అడిగితే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకో ముచ్చట. పాత క్యాసెట్టు బొమ్మ చదరానికి దగ్గరగా ఉంటుంది, నాలుగుకు మూడు వంతున. ఇప్పటి టీవీలు వెడల్పుగా, పదహారుకు తొమ్మిది. కొందరు నిండుగా కనిపించాలని బొమ్మను పక్కలకు సాగదీస్తారు. మా తోడికోడలు క్యాసెట్టుకి అలాగే చేశారు, పెళ్ళికూతురితో సహా అందరూ వరాహాల్లాగా తయారయ్యారు! మరికొందరు పైనా కిందా కోసేస్తారు, జడగంటలు పోతాయి, పారాణి పాదాలు పోతాయి. పక్కన నల్లపట్టీలు ఉన్నా ఫరవాలేదు, బొమ్మను కోయొద్దు, సాగదీయొద్దు అని గట్టిగా చెప్పండి.

తర్వాతది కొంచెం చిక్కు విషయం. మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో బొమ్మను రెండు సగాలుగా తీస్తారు. ముందు బేసి వరసలు, తర్వాత సరి వరసలు, ముగ్గు వేసేటప్పుడు వరస విడిచి వరస వేసినట్టు. అంటే సెకనుకు 50 సగాలు. వీటిని ఇంగ్లీషులో ఇంటర్‌లేస్డ్ అంటారు. కంప్యూటరులో చూసినప్పుడు చేయి ఊపితే దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. అది చూసి షాపువాళ్ళు రెండు సగాలనూ కలిపి నూరేస్తారు. గీతలు పోతాయి, దాంతోపాటు కదలికలోని సాఫీతనమూ పోతుంది. దాచుకునే ప్రతిలో ఆ 50 సగాలను అలాగే ఉంచమనాలి. డిస్కుకు అవే కావాలి, టీవీ వాటిని తానే కలుపుకుంటుంది. ఫోనులో చూసుకోవడానికైతే విడిగా కలిపిన ప్రతి ఇంకొకటి చేయించుకోండి. ఏ సగం ముందో ఏ సగం వెనకో తారుమారు కాకూడదు సుమండీ, అయితే మనుషులు వణుకుతూ నడిచినట్టుంటారు.

ఇక కుదింపు. వీడియోను ఉన్నదున్నట్టు దాస్తే చోటు చాలదు కనుక కుదించి దాస్తారు. ఆ కుదించే పద్ధతుల్లో డి.వి.డి.ది ఎంపెగ్-2. 2003లో హెచ్ 264 అనేది వచ్చింది. తక్కువ చోటులో అంతకంటే మంచి బొమ్మనిస్తుంది. దీన్నే ఎందుకు ఎంచుకోవాలంటే ఓ కథ ఉంది. 2006లో హై డెఫినిషన్ డిస్కులు రెండు రకాలు పోటాపోటీగా వచ్చాయి. ఒకటి బ్లూరే, రెండోది హెచ్.డి. డి.వి.డి. ఏది నిలుస్తుందో తెలియక జనం తలలు పట్టుకున్నారు. 2008 ఫిబ్రవరిలో తోషిబా కంపెనీ హెచ్.డి. డి.వి.డి.ని మానుకుంది, బ్లూరే మిగిలింది. ఓడిన ప్లేయరు కొన్నవాళ్ళకి డబ్బు దండగ. కానీ తమ వీడియోలను హెచ్ 264లో దాచుకున్న వాళ్ళకి ఏ దిగులూ లేకపోయింది, ఎందుకంటే రెండు డిస్కులకూ ఆ పద్ధతి చెల్లుబాటే! ఈ కథ విన్నాక నాకొకటి అర్థమైంది. డిస్కు ఏది అన్నది తర్వాత సంగతి. లోపల సరుకు ఏ పద్ధతిలో ఉందన్నదే ముఖ్యం. జాడీ పగిలినా పచ్చడి మరో జాడీలోకి మారాలి, అంతే.

ఇప్పుడు అంతకంటే కొత్తది హెచ్ 265 ఉంది. చోటు ఇంకా ఆదా చేస్తుంది. అయితే మామూలు బ్లూరే ప్లేయరు దాన్ని చదవలేదు. 2016లో వచ్చిన 4కె బ్లూరే ప్లేయర్లే చదువుతాయి. మన ఫోన్లు కొన్ని చడీచప్పుడు లేకుండా ఇందులోనే తీస్తుంటాయి. పాత ప్లేయరులో చూడాలనుకుంటే హెచ్ 264 అనే అడగండి.

కుదించడంలో కూడా ఎంత గట్టిగా నొక్కాలన్నది మన చేతిలోనే ఉంది. దాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని చెబుతారు. ఎక్కువైతే బొమ్మ బాగుంటుంది, చోటు ఎక్కువ పడుతుంది. నా వి.సి.డి.ల్లో అది 1.15 మాత్రమే. చదరాలు అందుకే వచ్చాయి! క్యాసెట్టుకు సెకనుకు 8 మెగాబిట్లు పెట్టించాను. గంటకు 3.6 గిగాబైట్లు, మూడు గంటలకు 10.8 అయింది. డి.వి.డి.లో పట్టేది 4.7 గిగాబైట్లే. "ఒకే డి.వి.డి.లో సర్దేస్తాం" అంటే సగానికి పైగా పిండేసినట్టే. ఒక పొర ఉన్న బ్లూరేలో 25 గిగాబైట్లు పడుతుంది, హాయిగా సరిపోయింది. హై డెఫినిషన్‌లో తీసినదానికి 20 నుంచి 25 మెగాబిట్లు అడగండి. 20 చొప్పున అయితే ఒక్క బ్లూరేలో రెండున్నర గంటలకు పైగా వస్తుంది. అవధి 40, అది దాటితే బ్లూరే ఒప్పుకోదు.

బ్లూరేకి ఇంకా కొన్ని మడి ఆచారాలున్నాయి. కుదించేటప్పుడు ఓ నిండు బొమ్మ పెట్టి, ఆ తర్వాత మారినవి మాత్రమే రాసుకుంటూ పోతారు. బ్లూరేలో ఆ నిండు బొమ్మ సెకనుకు ఒకటైనా రావాలి. రేటు 15 మెగాబిట్లకు లోపల ఉంటే రెండు సెకన్లకు ఒకటి చాలు. హై ప్రొఫైల్, లెవెల్ 4.1 అని ఓ హద్దు, అది దాటకూడదు. ధ్వని 48 కిలోహెర్ట్‌జ్‌లో ఉండాలి. అందులోనూ డాల్బీ డిజిటల్ గానీ, కుదించని ధ్వని గానీ ఉంటే చాలు. ఫోన్లలో ఉండే ఎ.ఎ.సి. ధ్వని దీనికి పనికిరాదు. ఇవన్నీ మనం కంఠతా పట్టక్కర్లేదు. "బ్లూరేకి సరిపడేట్టు, మళ్ళీ కుదించే పని లేకుండా చెయ్యండి" అంటే తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది. తెల్లమొహం వేస్తే మరో షాపు చూసుకోండి.

"ఇప్పుడు డిస్కులెవరు చూస్తారండీ?" అని మావారు ఎద్దేవా చేశారు. నిజమే, ఖాళీ బ్లూరే డిస్కులు చేయడం సోనీ కంపెనీ 2025 ఫిబ్రవరిలో మానేసింది. కానీ మా అమ్మకు ఫోను తెరవడం చేతకాదు. ప్లేయరులో పళ్ళెం పెట్టి మీట నొక్కడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ఆవిడ కోసం డిస్కు కావాలి. పైగా డిస్కు నియమాలు ఇంత కట్టుదిట్టంగా ఉండటమే మనకు మేలు. వాటికి లోబడిన వీడియో టీవీకి పెన్‌డ్రైవు పెట్టినా ఆడుతుంది, కంప్యూటరులోనూ ఆడుతుంది. రేపు డిస్కులే లేకపోయినా ఫైలు చెడదు.

ఒక్క చోట మాత్రం తిరకాసు. మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. అక్కడి టీవీ లెక్క మనలా 50 కాదు, 60. మనం పంపే డి.వి.డి.లు, 50 సగాల బ్లూరేలు అక్కడి ప్లేయర్లలో చాలావాటిలో ఆడవు. వాడికి డిస్కు పంపలేదు, కంప్యూటరులో చూసుకోమని ఫైలే పంపాను. విదేశాల్లో పిల్లలున్న వాళ్ళు ఇది గమనించాలి.

ఇక క్యాసెట్టు సంగతి. దాని మీద అక్కడక్కడ తెల్లటి బూజు కనిపించింది. అలా ఉంటే ఎవరి వి.సి.ఆర్.లోనూ పెట్టనివ్వకండి. టేపు పాడవుతుంది, ఆ మెషినుకీ బూజంటుకుంటుంది. మా అల్లుడు హైదరాబాదులో తెలిసిన చోట శుభ్రం చేయించి, దగ్గరుండి ఎక్కించాడు. కొత్త వి.సి.ఆర్.లు చేసే కంపెనీ ప్రపంచంలో చివరిదీ 2016లో మానేసింది. బాగా పనిచేసే పాత మెషినులు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. మార్పించుకోవాలనుకునే వాళ్ళు ఇంకా వాయిదా వేయకండి.

డిస్కు వచ్చిన రోజు సాయంత్రం అమ్మా నేనూ కూర్చుని చూశాం. అప్పగింతల ఘట్టం వచ్చింది. "మీ నాన్న గట్టివాడు, నువ్వు బండెక్కుతుంటే ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు" అని అమ్మ ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. నేనూ అదే నమ్మాను. వి.సి.డి.లో ఆ మూల పందిరిగుంజ దగ్గర గోధుమరంగు చదరాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఇప్పుడు కనిపించింది. నాన్నగారు గుంజవైపు తిరిగి, కండువా చెంగుతో కళ్ళు రెండూ ఒత్తుకుని, మళ్ళీ ఇటు తిరిగి వియ్యంకుడితో నవ్వుతూ మాట్లాడారు. అంతా కలిపి నాలుగైదు సెకన్లు. అమ్మ ఏమీ అనలేదు. "మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టాను. లేచి కాఫీ కలుపుతానని వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపటిదాకా రాలేదు.

వచ్చే మాఘంలో మా పెద్దమ్మాయి పెళ్ళి. ఈసారి వీడియో తీసే అబ్బాయికి బయానా ఇచ్చే ముందే కాగితం మీద రాసిచ్చాను. మీరూ రాసుకోండి.

1. కెమెరాలన్నీ సెకనుకు 25 గానీ 50 గానీ ఉండాలి. ఒకటి 25, ఒకటి 30 అయితే కలిపినప్పుడు తడబడుతుంది. పైగా మన కరెంటు 50 లెక్కది కనుక, 30లో తీస్తే మండపంలో ట్యూబులైట్లు మినుకుమినుకుమనే ప్రమాదం ఉంది.

2. కెమెరాలో తీసిన అసలు ఫైళ్ళు, కోతకోయకుండా, మా హార్డ్‌డిస్కులో వేసివ్వాలి. మేం తీసుకున్నామని చెప్పేదాకా చెరపకూడదు.

3. 4కెలో తీసినా, 1920, 1080 కొలతలో హెచ్ 264 ప్రతి ఒకటి బ్లూరేకి సరిపడేట్టు ఇవ్వాలి. బ్లూరే జాబితాలో సెకనుకు 25 నిండు బొమ్మలు లేవు, 50 సగాలుగా అమర్చివ్వాలి.

4. డిస్కులో ఫైలును ఊరికే కాపీ చేయడం వేరు, బ్లూరే పద్ధతిలో అమర్చడం వేరు. అమ్మమ్మ ప్లేయరులో పెట్టి చూశాకే మిగతా డబ్బు!

5. రెండు హార్డ్‌డిస్కుల్లో వేయించి, ఒకటి మనింట్లో, ఒకటి పుట్టింట్లోనో ఆడపడుచు ఇంట్లోనో ఉంచాలి.

ఆఖరిమాట. మార్పించాక కూడా పాత క్యాసెట్టు పారేయకండి. మీకు పనికిరాదనిపిస్తే మీ అమ్మకివ్వండి, ఓ పాతచీరలో చుట్టి పెడుతుంది. మా ఇంట్లో ఆ నేతచీర మళ్ళీ ట్రంకుపెట్టెలోకి వెళ్ళింది, లోపల క్యాసెట్టుతో సహా.

ఉంటానండీ మరి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.